డప్పు లేని రాళ్ళు

మా గిరిజ సాధించిన మొదటి గెలుపు రాళ్ళ పరీక్ష. అప్పటికి ఆ పిల్లకి పదకొండో ఏడు. విజయనగరానికి పడమటగా ఉన్న మా కొండవలసలో, దసరా సాయంత్రం, సాము గరిడి ముందు సున్నంతో గుండ్రంగా బరి గీస్తారు. పరీక్షకు నిలబడ్డ మనిషి ఆ బరి మధ్యలో తనకంటే జానెడు పొడవైన కర్రను తల చుట్టూ, నడుము చుట్టూ తిప్పుతూ ఉండాలి. బరి చుట్టూ నిలబడ్డవాళ్ళు ఉసిరికాయంత రాళ్ళు విసురుతారు. రాయి కర్రకు తగిలి పక్కకు పోవాలి. ఒంటికి తగిలితే ఓటమి. బరి గీత దాటితే అంతకంటే పెద్ద ఓటమి. తొమ్మిదో ఏట గిరిజకు నుదురు చిట్లింది. పదో ఏట కింది పెదవి పగిలి వారం రోజులు గంజి తాగింది. పదకొండో ఏట ఒక్క రాయి కూడా తగలలేదు. మా గరిడిలో ఆ పరీక్ష నెగ్గిన మొదటి ఆడపిల్ల ఆమే. ఆ సాయంత్రం నేను ఆమెను భుజాల మీద ఎక్కించుకుని ఊరంతా తిప్పాను.

నేర్పింది నేనే. నా పేరు భీమశంకరం. ఊరి బడిలో ఏడో తరగతి వరకు చదివాను, ఆ తరవాత నా చదువంతా కర్రతోనే. విజయనగరం పోటీల్లో కత్తిసాముకు వెండి కడియం, శ్రీకాకుళంలో కర్రసాముకు రెండుసార్లు మొదటి బహుమతి, జిల్లా కలెక్టరుగారి చేతి మీదుగా శాలువా. కళ్ళకు గంతలు కట్టుకుని, పడుకున్న మనిషి పొట్ట మీది దోసకాయను కత్తితో రెండు ముక్కలు చేసి, ఆ మనిషి ఒంటి మీద గీత కూడా పడకుండా లేపి నిలబెట్టినవాణ్ణి. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మన తెలుగు సంఘం వార్షిక సంచికలో గిరిజ గురించి రాయమని అడిగినప్పుడు, ఆమె ఎవరి చేతికింద తయారైందో చదివేవారికి తెలియాలి కదా.

గిరిజ మా తమ్ముడి కూతురు. దానికి మూడేళ్ళప్పుడే తమ్ముడు పోతే మా ఇంట్లోనే పెరిగింది. డిగ్రీ ఫస్ట్‌క్లాసులో పాసయింది. యూనివర్సిటీ ఆటల ప్రారంభోత్సవంలో రెండు కర్రలు రెండు చేతులతో తిప్పి చూపించింది. 2001లో శశికాంత్‌ను పెళ్ళి చేసుకుని ఇక్కడికి, అమెరికాలోని ఇర్వింగ్‌కు వచ్చింది. అతనిది కన్సల్టింగ్ ఉద్యోగం. సోమవారం తెల్లారగానే విమానం ఎక్కి వేరే రాష్ట్రంలోని అల్ఫారెట్టా వెళ్ళి గురువారం రాత్రికి తిరిగొస్తాడు. గిరిజది హెచ్-ఫోర్ వీసా కాబట్టి ఉద్యోగం చేయడానికి వీల్లేదు. మా అబ్బాయి నాకు గ్రీన్‌కార్డు తెప్పించి, ఈ దేశంలోనే ఇంకో మూలనున్న డబ్లిన్‌లో తన దగ్గర ఉంచుకున్నాడు గాని, అక్కడ పగలంతా నాతో మాట్లాడేది టీవీ ఒక్కటే. అందుకని 2006లో గిరిజ ఇంటికి వచ్చేశాను. అప్పటినుంచి ఆమె, ఆమె కూతురు వర్ష, నేను. వారాంతాల్లో శశికాంత్.

ఉద్యోగం లేదని గిరిజ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. మా అపార్ట్‌మెంట్ల టెన్నిస్ కోర్టులో శనివారాలు పిల్లలకు ఉచితంగా కర్రసాము నేర్పడం మొదలుపెట్టింది. వెదురు దొరకలేదు. బట్టల అలమరాలో హ్యాంగర్లు తగిలించడానికి అడ్డంగా వేసే గుండ్రటి కర్రలుంటాయి చూశారూ, వాటిని హార్డ్‌వేర్ షాపులో కొని, చివరలు నేనే గరుకు కాగితంతో అరగదీశాను. మన సంఘం ఉగాది వేడుకలో పిల్లల చేత ప్రదర్శన ఇప్పించింది. దీపావళికి నిప్పుకర్ర తిప్పుతానంటే హాలువాళ్ళు ఒప్పుకోలేదు. కర్ర చివర్లకు చిన్న బ్యాటరీ లైట్లు కట్టి, హాల్లో దీపాలార్పించి తిప్పింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

క్లాసులో గిరిజ ఎప్పుడూ తప్పనివ్వని పద్ధతి ఒకటుంది. అది మా గరిడిది. కర్ర ఎత్తే ముందు వంగి, కుడిచేత్తో నేలను తాకి, కళ్ళకు అద్దుకోవాలి. నేల మొక్కు అంటాం. ఒకడు నేలకు మొక్కుతున్నంతసేపూ రెండోవాడు ఆగాలి. వంగిన తల మీద దెబ్బ వేసినవాడికి మా గరిడిలో మళ్ళీ చోటుండదు. మొక్కకుండా కర్ర ఎత్తినవాణ్ణి దొంగ అంటాం. ఈ దేశంలో పుట్టిన పిల్లలు కూడా చెప్పకుండానే వంగి నేలను తాకుతుంటే నాకు కడుపు నిండినట్టుండేది.

2010 వేసవిలో జగన్మోహన్ ఇంట్లో తలా ఒక వంటకం పట్టుకెళ్ళే పాట్‌లక్. ఆయన శశికాంత్‌కు స్నేహితుడు, ఆయన కొడుకు ఏదో కుస్తీ జిమ్‌కు వెళ్తాడు. భోజనాల దగ్గర ఆయన గిరిజను పట్టుకున్నాడు.

"అక్కయ్యగారూ, మీ కర్రసాము చూడ్డానికి బ్రహ్మాండం. కానీ నిజంగా ఒకడు మీద పడితే? మావాడి జిమ్‌లో చెప్తారు, రియల్ ఫైట్ అంటే పది సెకన్లంట. మీరు కర్ర తిప్పడం స్టార్ట్ చేసేలోపు వాడు మీ పర్సు తీసుకుని హైవే ఎక్కేస్తాడు."

అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. "మీవాడి జిమ్‌లో కింద మెత్తటి పరుపులు వేస్తారట కదా బాబూ. మీద పడేవాడు పరుపు కూడా తెచ్చుకుంటాడా?" అన్నాను. ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు, జగన్మోహన్ కూడా నవ్వాడు. గిరిజ మాత్రం నవ్వలేదు.

తిరిగి వచ్చేటప్పుడు తనే డ్రైవ్ చేస్తోంది. వెనక సీట్లో వర్ష నిద్రపోయింది.

"పెదనాన్నా, నువ్వు ఎప్పుడైనా ఎవర్నయినా నిజంగా కొట్టేవా?"

విజయనగరం చెప్పాను, శ్రీకాకుళం చెప్పాను. బొబ్బిలి నుంచి వచ్చిన వస్తాదు కర్రను నేను ఎగరగొడితే అది వెళ్ళి డేరా మీద పడిన సంగతి చెప్పాను.

"అవి పోటీలు. కోపంతో నీ మీదికొచ్చినోడిని?"

"నా మీదికి రావడానికి ఎవరికి ధైర్యం?"

"అంటే లేదన్నమాట." కారు మలుపు తిప్పి మళ్ళీ అడిగింది. "నా పదకొండో ఏట రాళ్ళు డప్పు దెబ్బకే వేసేరు కదా?"

అవునన్నాను. దాచాల్సిందేముంది? డప్పు దెబ్బకు రాయి వస్తుంది, ఆ దెబ్బకు సరిగ్గా కర్ర అడ్డం వస్తుంది. కర్ర తిప్పేవాడికీ రాయి వేసేవాడికీ డప్పు ఒక్కటే. తరతరాలుగా అదే పద్ధతి.

"ఇక్కడ డప్పు ఎవరు కొడతారు పెదనాన్నా?" అంది గిరిజ. 

ఆ ఆకురాలే కాలంలో మా చుట్టుపక్కల భయం మొదలైంది. మన ఆడవాళ్ళ మెళ్ళో బంగారం ఉంటుందని ఎవరో కనిపెట్టారు. దేశీ దుకాణాల వరస దగ్గర, అపార్ట్‌మెంట్ల కార్ల షెడ్ల దగ్గర గొలుసులు తెంపుకుపోవడం మొదలైంది. పసిపిల్లను బండిలో తోసుకుంటూ నడుస్తున్న ఒకామె మెడ మీద గొలుసు కోసుకుపోయి గాయమైంది. ఇంకొకామె ఇంట్లోకి సామాను మోస్తుంటే వెనకే లోపలికి వచ్చారు. ఆడవాళ్ళు పుస్తెలతాళ్ళు తీసి లాకర్లో పెట్టి నల్లపూసల దారం కట్టుకున్నారు. కొందరు మెడ మూసే స్వెట్టర్లు తొడిగారు. నేను గంట మోగితే తలుపుకు బిగించిన గాజు కంటిలోంచి చూసేవాణ్ణి, తెలిసిన మొహమైనా వెంటనే తీయబుద్ధి అయ్యేది కాదు. వర్ష స్కూలు బస్సు ఆగే చోటు మా కిటికీకి కనిపిస్తుంది. బస్సు వచ్చే వేళకు అరగంట ముందే కిటికీ దగ్గర నిలబడేవాణ్ణి.

ఆ భయంతోనే ఆడవాళ్ళు గిరిజ దగ్గరకు వచ్చారు. నేర్పమని పట్టుబట్టారు. పిల్లల క్లాసు పక్కన ఆడవాళ్ళ క్లాసు మొదలైంది. వాళ్ళలో మనీషా ఒకతె. కరీంనగర్ పిల్ల, ఎమ్మెస్ చదువుతోంది, మా పక్క బ్లాకులో ఇంకో ముగ్గురితో కలిసి ఉండేది. మెళ్ళో వాళ్ళమ్మ గొలుసు. తీసేయమంటే తీసేది కాదు, అమ్మ తన చేత్తో వేసిందట. నేర్చుకోవడంలో చురుకు. నేల మొక్కు కూడా శ్రద్ధగా చేసేది.

ఒకరోజు క్లాసు అయ్యాక మనీషా నవ్వుతూ, "అక్కా, ఇప్పుడు నాకు భయం పోయింది. బస్టాప్ నుంచి ఒక్కదాన్నే నడిచి వస్తున్న. రూమ్మేట్స్‌ని రమ్మంటలేను" అంది.

ఆ పూట గిరిజ అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. ఏమైందని అడిగితే చెప్పింది.

"అది నా మాట నమ్మి ఒంటరిగా నడుస్తోంది పెదనాన్నా. నేను నేర్పింది నిజంగా పనికొస్తుందో రాదో నాకే తెలీదు. రాకపోతే? అది పారిపోవాల్సిన చోట నిలబడిపోతే?"

నేను ధైర్యం చెప్పాను. వందలమందికి నేర్పినవాణ్ణి, మన విద్య ఎక్కడికీ పోదన్నాను. ఆమె విన్నట్టే తలూపింది గాని, ఆ రోజునుంచి మనీషాను బస్టాపు నుంచి తనే కారులో తెచ్చేది.

డిసెంబరులో ఒక శనివారం. క్లాసు అయ్యాక గిరిజ, మనీషా, నేను పెరుగు, కొత్తిమీర కోసం దుకాణానికి వెళ్ళాం. బయటకు వచ్చేసరికి అయిదున్నర. చలికాలం కాబట్టి అప్పటికే మసక కమ్మింది. పార్కింగ్‌లో ఒక దీపం వెలుగుతూ ఆరుతూ ఉంది. మనీషా తన కర్రను చేతిలోనే పట్టుకుంది. గిరిజ కర్ర సామాను బండిలో అడ్డంగా ఉంది. నేను కారు తలుపు తీస్తున్నాను.

రెండు కార్ల మధ్య నుంచి ఒకడు వచ్చాడు. తల మీద ముసుగు. పరిగెత్తలేదు, నడిచే వచ్చాడు. వాడి చూపు మనీషా మెడ మీదే ఉంది. అరుద్దామంటే నా నోరు పెగల్లేదు. అరవై ఏళ్ళు కర్ర పట్టినవాణ్ణి, నా పాదాలు తారులో దిగబడ్డట్టు అయిపోయాయి.

మనీషా వాణ్ణి చూసింది. దుకాణం తలుపు ఆమెకు నాలుగు అంగల దూరంలో ఉంది. లోపల జనం ఉన్నారు. ఆమె అటు వెళ్ళలేదు. కర్రను ఎడమచేతిలోకి మార్చుకుని, వంగి, కుడిచేత్తో నేలను తాకింది.

ఆ చెయ్యి కళ్ళదాకా రాలేదు. వాడు కాలితో భుజం మీద తన్నాడు. కార్లు ఆగడానికి కట్టిన సిమెంటు దిమ్మకు ఆ పిల్ల తల తగిలిన చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. వాడు మీదికి వంగి గొలుసు పట్టుకున్నాడు.

గిరిజ చేతిలోకి కర్ర ఎప్పుడు వచ్చిందో చూడలేదు. ఒకటి మాత్రం చూశాను. ఆమె కుడిచెయ్యి కూడా కిందికి కదిలింది. మోకాలి దాకా వెళ్ళి ఆగిపోయింది. ఆ తరవాత ఆమె కర్రను తిప్పలేదు. ఒక్క అడుగు వేసి వాడి మణికట్టు మీద ఒకే ఒక్క దెబ్బ వేసింది. ఎండుకొమ్మ విరిగినట్టు వినిపించింది. వాడు కేకపెట్టి గొలుసు వదిలేశాడు.

హమ్మయ్య అనుకునేలోపు కాస్త దూరంలో ఆగి ఉన్న కారు తలుపు తెరుచుకుంది. అందులో ఉన్నవాడు దిగలేదు. కూర్చునే చెయ్యి చాపాడు. చేతిలో తుపాకీ ఉంది.

గిరిజ కర్రను మెల్లగా నేల మీద పెట్టింది. రెండు అరచేతులూ చూపిస్తూ పక్కకు జరిగి మనీషాకు అడ్డంగా నిలబడింది. భుజాన ఉన్న హ్యాండ్‌బ్యాగును వాళ్ళ వైపు జార్చి, "టేకిట్. ప్లీజ్ గో" అంది. ఆ గొంతు నేను గుర్తుపట్టలేదు. నుదురు చిట్లిన తొమ్మిదేళ్ళ పిల్ల గొంతు అది. తుపాకీ అలాగే ఉంది. దీపం ఆరింది, మళ్ళీ వెలిగింది.  నాకు తెలిసిన దేవుళ్ళ పేర్లు ఒక్కటీ గుర్తు రాలేదు. దెబ్బ తిన్నవాడు ఎడమచేత్తో బ్యాగు ఎత్తుకుని కారెక్కాడు. కారు వెళ్ళిపోయింది.

మనీషాకు చెవి వెనక కుట్లు పడ్డాయి. ఆసుపత్రి మంచం మీద కళ్ళు తెరవగానే ఆ పిల్ల గిరిజ చెయ్యి పట్టుకుని చెప్పిన మాట ఇది: "సారీ అక్కా. మొక్కేటప్పుడు కళ్ళు కిందికి పోయినయ్. మీరు చెప్పినట్టే చేసిన."

 గిరిజ బయట వరండాలోకి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

పోలీసులు వచ్చి అడిగి రాసుకున్నారు. మణికట్టు విరిగినవాడు దొరికితే వాడే మన మీద కేసు పెడతాడని ఒకరు, గిరిజవాళ్ళకు రావలసిన గ్రీన్‌కార్డుకు ఇబ్బంది అవుతుందని ఒకరు శశికాంత్‌కు ఫోన్లు చేశారు. లాయరు ఫరవాలేదన్నాడు. అయినా చాలాకాలం పోస్టు డబ్బా తెరవడానికి మా ఇంట్లో ఎవరూ ముందుకు వచ్చేవారు కాదు. చివరికి ఏమీ రాలేదు. ఆ ఇద్దరూ దొరకలేదు.

మనవాళ్ళ దృష్టిలో మాత్రం గిరిజ వీరనారి అయిపోయింది. తుపాకీవాళ్ళను కర్రతో తరిమిందని కథలు పుట్టాయి. జగన్మోహన్ స్వయంగా మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చాడు.

"అక్కయ్యగారూ, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా ఆవిడ్ని, అమ్మాయిని మీ క్లాసులో జాయిన్ చేసుకోండి."

"మీరన్నది కరెక్టేనండీ," అంది గిరిజ. "క్లాసు ఆపేశాను."

ఆయన నా వైపు చూశాడు. నేను మిఠాయి వైపు చూశాను.

నాకు కోపం వచ్చిన మాట నిజం. ఒక్క దెబ్బతో దొంగ చెయ్యి విరిచింది, అది మా గరిడి దెబ్బ, నేను నేర్పిన దెబ్బ. దాని గురించి గొప్పగా చెప్పుకోక, క్లాసు ఆపడమేమిటి? ఆ మాటే అన్నాను. గిరిజ గిన్నెలు కడుగుతూ, నా వైపు తిరగకుండానే జవాబిచ్చింది.

"ఆ దెబ్బ పనికొచ్చింది పెదనాన్నా. కాదనను. కానీ దానికి ముందు నా చెయ్యి కూడా నేలకి పోయింది, నువ్వు చూసేవు. ముప్పై ఏళ్ళ అలవాటు. వాడు మనీషా మీద వంగి ఉన్నాడు కాబట్టి సరిపోయింది. నా వైపు చూస్తూ ఉంటే ఇప్పుడు నువ్వు నా ఫొటో ముందు కూర్చుందువు." కొళాయి కట్టేసింది. "ఆ పిల్లకి నేను కర్ర ఇవ్వకపోతే షాపులోకి పరిగెట్టేది."

ఎవరికీ నేర్పనని కూర్చుంది గాని, ఆమె కర్రను మాత్రం వదల్లేదు. వసంతకాలంలో ఒక ఆదివారం వర్షకూ, దాని స్నేహితులకూ టెన్నిస్ బంతుల బుట్ట ఇచ్చి, కోర్టులో ముగ్గుపిండితో బరి గీసి మధ్యలో నిలబడింది. ఎవరికి ఎప్పుడు తోస్తే అప్పుడు విసరమంది. డప్పు లేదు. నేను గట్టు మీద కూర్చున్నాను. మొదటి బంతి చెంపకు తగిలింది. రెండోది వీపుకు. కర్ర ఎంత వేగంగా తిప్పినా బంతులు సందుల్లోంచి దూరి వచ్చి తగులుతూనే ఉన్నాయి. పిల్లలకు నవ్వులాట. నాకు మాత్రం ఆ బంతుల చోట రాళ్ళు కనిపించాయి. వారాల తరబడి అలాగే దెబ్బలు తింది. ఒకరోజు కర్ర తిప్పడం మానేసి, మొహానికి అడ్డంగా పట్టుకుని, ఇద్దరు పిల్లల మధ్య నుంచి బరి దాటి పరిగెత్తింది. ఒక్క బంతీ తగల్లేదు.

"గీత దాటావు. ఓడిపోయావు," అన్నాను.

వర్ష నా దగ్గరకు వచ్చింది. "తాతా, ఆ రూల్ ఎవరు పెట్టారు? అమ్మకి హిట్ అవ్వలేదు కదా."

నేను లేచి, కోర్టంతా చెదిరిన బంతులు ఏరసాగాను.

ఆ వేసవిలో గిరిజ నన్ను కూర్చోబెట్టి అడిగింది. ఆడవాళ్ళు మళ్ళీ వస్తున్నారు, మళ్ళీ గొలుసులు పోతున్నాయి. నేర్పితే రెండు మార్పులతోనే నేర్పుతాను. నేల మొక్కు మొదట కాదు, అంతా అయ్యాక. మొదటి పాఠం బరి దాటి పోవడం. కర్ర దెబ్బ ఆ తరవాతే. దీనికి నువ్వు ఒప్పుకో, లేదంటే గరిడి పేరు చెప్పకుండా నేర్పుకుంటాను.

మొక్కు మార్చే అధికారం నా ఒక్కడిది కాదు. దసరాకు గరిడి పెద్దలంతా కూర్చుంటారు, వాళ్ళందరికీ పెద్ద హనుమయ్య అన్న. ఎనభై దాటినవాడు, నాకంటే ముందు కర్ర పట్టినవాడు. ఆయన్ను అడగమన్నాను. ఆయన ఒప్పుకోడని నాకు తెలుసు. నా ఉద్దేశం కూడా అదే.

ఆమె నిజంగానే బయల్దేరింది. హెచ్-ఫోర్ మీద ఉన్నవాళ్ళు దేశం దాటితే అక్కడి కాన్సులేటులో వీసా స్టాంపింగ్ అయ్యేదాకా తిరిగి వస్తారో రారో తెలియదు. పాస్‌పోర్టు కాన్సులేటువాళ్ళ చేతిలో ఉన్న రోజుల్లో శశికాంత్ ఫోన్ చెవికి అంటించుకుని తిరిగాడు. స్టాంపింగ్ అయింది. అప్పుడు గిరిజ ఊరు చేరింది.

దసరా సాయంత్రం అక్కడ అయిదు గంటలంటే ఇక్కడ తెల్లవారుతున్న వేళ. వర్ష స్కూలుకు తయారై ల్యాప్‌టాప్ ముందు నా పక్కన కూర్చుంది. అక్కడ ఎవరో కుర్రవాడు నెట్ డాంగిల్ పెట్టి స్కైప్ కలిపాడు. మా గరిడి కనిపించింది. సున్నపు బరి కనిపించింది. మధ్యలో గిరిజ, నలభైకి చేరువైన మనిషి, చీర కొంగు దోపుకుని నిలబడి ఉంది. హనుమయ్య అన్న నులకమంచం మీద కూర్చున్నాడు. అప్పటికే ఆమె అడగడం, పెద్దలు కుదరదనడం అయిపోయినట్టుంది. గిరిజ డప్పులవాళ్ళ వైపు తిరిగి కొట్టవద్దంది. విసిరేవాళ్ళతో, ఎవరికి తోచినప్పుడు వాళ్ళు విసరండి, నా పదకొండో ఏట వేసినంత రాళ్ళే వేయండి అంది.

"ఏటమ్మా, తలకాయ పగులుద్ది," అన్నాడు హనుమయ్య అన్న.

"పగలనీ పెద్దయ్యా. అక్కడ నా పిల్లలకి డప్పు కొట్టీవోడు లేడు."

నేను ఇక్కడ నుంచి వద్దని అరిచాను. నా అరుపు అక్కడికి చేరిందో లేదో తెలియదు. మొదటి రాయి రావడం చూశాం. అప్పుడే బొమ్మ ఆగిపోయింది. తెర మీద గిరిజ చెయ్యి పైకెత్తి ఉంది, కర్ర సగం తిరిగి ఉంది, మొహం మసకగా ఉంది. శబ్దం మాత్రం ముక్కలు ముక్కలుగా వస్తోంది. రాయి కర్రకు తగిలిన టక్కు మనే శబ్దం. ఇంకోటి టక్కు మనలేదు, మెత్తగా తగిలింది. ఎవరో అమ్మో అన్నారు. వర్ష నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "తాతా, అమ్మకి తగిలింది. తాతా, ఆపమని చెప్పు." ఎవరికి చెప్పను? ఆగిపోయిన బొమ్మ వైపు చూస్తూ ఉండిపోయాను. 

బొమ్మ కదిలేసరికి బరి ఖాళీగా ఉంది. నా ప్రాణం అక్కడే పోయిందనుకున్నాను. తరవాత కెమెరా పట్టుకున్నవాడు పక్కకు తిప్పాడు. గిరిజ గరిడి అరుగు మీద ఉంది. కనుబొమ మీద నుంచి రక్తం కారుతోంది, కర్ర చేతిలోనే ఉంది. విసిరేవాళ్ళ మధ్య నుంచి దారి చేసుకుని బరి దాటి పరిగెత్తిందన్నమాట. జనం నవ్వుతున్నారు.

"పారిపోనావేటే," అన్నాడు హనుమయ్య అన్న.

"అవును పెద్దయ్యా. నేను నేర్పాలనుకున్నది ఇదే." రొప్పుతోంది. "లోపల ఉన్నంతసేపూ తగిలేయి. బయటకొచ్చేక ఒక్కటీ తగల్లేదు. ఓ ఆడపిల్ల వంగి మొక్కుతుంటే తల పగలగొట్టేడు పెద్దయ్యా, ఆగలేదు వాడు."

నవ్వులు ఆగిపోయాయి.  హనుమయ్య అన్న గిరిజను దగ్గరకు పిలిచి, తన తువ్వాలుతో ఆమె కనుబొమ అదిమిపట్టి చెప్పాడు: "వంగినోడిని కొట్టనోడి ముందు మొక్కాలి. కొట్టీవోడి ముందు కాదు. పనయ్యేక మొక్కమను. నేల ఎక్కడికీ పోదు." ఆ పైన కెమెరా వైపు చూశాడు. "ఏరా భీమశంకరం, ఇంటన్నావా?"

వింటున్నాను అన్నాను.  మా గరిడి పెద్ద మాట అది. నా వెండి కడియం, నా శాలువా ఆ మాటకు ఎదురు చెప్పవు.

గిరిజ కనుబొమకు కుట్లు వేశారు. ఊళ్ళో ఇంకా కొన్ని రోజులుండి, గరిడి పిల్లలకు కూడా డప్పు లేకుండా ఒక పూట సాధన చేయించి వస్తానంది. పోయిన వారం మా పక్క వీధిలో మళ్ళీ ఒకామె గొలుసు పోయింది, మెడకు గాయమైంది. ఆ మాట తెలిసిన సాయంత్రం ఆడవాళ్ళు టెన్నిస్ కోర్టుకు వచ్చారు. గిరిజ లేదు కదా అంటే, వచ్చేదాకా మనీషా చూస్తుందన్నారు. చెవి వెనక మచ్చ ఉన్న ఆ పిల్ల అందరినీ వరసలో నిలబెట్టి, తలెత్తి నడవడం, వెలుతురు ఉన్న వైపుకు పరిగెత్తడం చేయించింది. కర్రలు గోడకు ఆనించే ఉన్నాయి. చీకటి పడేలోపు అందర్నీ గుంపుగా ఇళ్ళకు పంపింది. నేను కిటికీ దగ్గర నిలబడి, ఆఖరి ఆమె తలుపు వేసుకునేదాకా చూశాను. మర్నాటి సాయంత్రం కూడా చూశాను. గంట మోగితే ఇప్పటికీ తలుపు కంటిలోంచే చూస్తాను.

వాళ్ళకు కర్ర ఎప్పుడు ఇవ్వాలో చెప్పవలసింది గిరిజే. ఆమె తిరిగి వచ్చే తేదీ 2011 అక్టోబరు 22, శనివారం.